నోటు తిరగరాస్తే... లెక్కే మారుతుంది!

జూరాల ప్రాజెక్టుకు దగ్గర్లోని ఆత్మకూర్‌లో అయినా, పాలమూరు వైపు మరే పల్లెలో అయినా అప్పు భాష ఒకటే. 'రెండు రూపాయల మిత్తి' అంటే నెలకు నూటికి రెండు రూపాయలు... ఏడాదికి 24! ప్రామిసరీ నోటుకు చెల్లుబాటు మూడేళ్లు. ఆలోగా బాకీ తీరకపోతే మిత్తిని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకోవడం మామూలే. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

అప్పు లక్ష అనుకుందాం. మూడేళ్లకు 1,72,000. నోటు తిరగరాస్తే ఆరేళ్లకు 2,95,840. ఈ మూడు అంకెలూ పదో తరగతి చదివే పిల్లలిద్దరికి ఇచ్చి 'తొమ్మిదేళ్లకు ఎంత?' అని అడగండి. రెండు జవాబులు రావచ్చు. రెండూ తప్పనలేం!

ఎలాగంటారా? ఒకరు తీసివేస్తారు. మొదట పెరిగింది 72,000, తర్వాత 1,23,840. అంటే పెరుగుదల 51,840 ఎక్కువైంది. మళ్లీ అంతే ఎక్కువైతే తొమ్మిదేళ్లకు 4,71,520. ఇది వర్గ ప్రమేయం. బావిలో వేసిన రాయి పడేదీ ఇలాగే. మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు, రెండో సెకనులో 15, మూడో సెకనులో 25... తేడాల మధ్య తేడా ఎప్పుడూ పదే.

రెండోవారు భాగిస్తారు. ఏ అంకెను దాని ముందు అంకెతో భాగించినా 1.72. అలాగైతే తొమ్మిదేళ్లకు 5,08,845. ఇది ఘాత ప్రమేయం, మన పెద్దల మాటలో చక్రవడ్డీ. పన్నెండేళ్లు వచ్చేసరికి మొదటి దారిలో 6,99,040, రెండో దారిలో 8,75,213. అదే నోటు మార్చకుండా బారువడ్డీ మీదే నడిస్తే 3,88,000.

మూడు అంకెలు చూసి ఏ దారో తేల్చడం కుదరదన్నమాట. నాలుగోది కావాలి, లేదంటే పెరిగే పద్ధతి తెలియాలి. (పరీక్షల్లో 'తర్వాతి సంఖ్య ఏది' అని అడిగేవాళ్లు ఈ సంగతి మర్చిపోతుంటారు!) చదరంగంలో గడులు ఎనిమిదికి వర్గం, 64. గడిగడికీ గింజలు రెట్టింపు చేస్తూ పోతే మాత్రం మొత్తం 20 అంకెల సంఖ్య. పదకొండో శతాబ్దపు గణితకవి పావులూరి మల్లన పేరిట ఆ సంఖ్యను చెప్పే పద్యం ప్రచారంలో ఉంది.

అప్పులో పద్ధతి ముందే తెలుసు. నోటు మార్చే రోజు మిత్తి 72,000 కట్టేస్తే కొత్త నోటు మళ్లీ లక్షకే. సగం, అంటే 36,000 కట్టగలిగినా కొత్త నోటు 1,36,000కే ఆగుతుంది. ఆరేళ్లకు బాకీ 2,95,840 కాదు, 2,33,920.