పైలట్ కాలేకపోయినా అంతరిక్షపు అంచుకు: ఇంజినీర్ బండ్ల శిరీష ప్రస్థానం

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ సమీపాన, శిబ్‌పూర్‌లో నౌకాదళ వైమానిక స్థావరం ఉంది. 2019 జనవరిలో దీనికి ఐఎన్‌ఎస్ కొహాసా అని నామకరణం చేశారు. ఇటువంటి చోట రన్‌వేపై విమానం దిగినప్పుడు చూపరులకు ముందుగా గుర్తుకువచ్చేది పైలట్. ఆ విమానానికి రూపమిచ్చి, దాని భద్రతను పరీక్షించే ఇంజినీర్లు తెర వెనుకే ఉండిపోతారు. కంటిచూపు సహకరించక పైలట్ కాలేకపోయినా, ఇంజినీరింగ్ బాటలో అంతరిక్షపు అంచు వరకు వెళ్లిన తెలుగు మహిళ బండ్ల శిరీష.

ఆంధ్రప్రదేశ్‌లో జన్మించిన శిరీష అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో పెరిగారు. వ్యోమగామి కావాలన్నది ఆమె చిన్ననాటి ఆకాంక్ష. దృష్టి లోపం కారణంగా పైలట్‌గా మొదలై నాసాలో చేరే మార్గం మూసుకుపోయింది. దీంతో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విమాన, అంతరిక్ష ఇంజినీరింగ్ అభ్యసించి 2011లో పట్టా పొందారు. 2015లో వర్జిన్ గెలాక్టిక్ సంస్థలో చేరారు.

ఆ సంస్థ రూపొందించిన యూనిటీ వ్యోమనౌక ఒక రకంగా విమానమే. నేలపై నుంచి రాకెట్‌లా నిట్టనిలువుగా ఎగరదు. ఈవ్ అనే మాతృవిమానం దీనిని సుమారు 14 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకెళ్లి వదిలిపెడుతుంది. అప్పుడు రాకెట్ ఇంజిన్ దాదాపు ఒక నిమిషం పాటు మండి, ధ్వని వేగానికి మూడు రెట్ల వేగాన్ని అందిస్తుంది. తిరుగు ప్రయాణంలో ఇంజిన్ పనిచేయదు. గ్లైడర్ మాదిరిగా గాలిలో తేలుతూ వచ్చి రన్‌వేపై దిగాలి.

ఈ ప్రయాణంలో కీలకమైనది వాతావరణంలోకి పునఃప్రవేశం. బ్యాడ్మింటన్ ఆటలో షటిల్‌ను ఎలా కొట్టినా బరువైన కొనే ముందుకు తిరుగుతుంది; ఈకలు గాలిని అడ్డుకుని వేగాన్ని తగ్గిస్తాయి. ఇదే సూత్రంతో యూనిటీ తోక భాగం సుమారు 60 డిగ్రీలు పైకి లేస్తుంది. ఫలితంగా నౌక స్థిరంగా, నెమ్మదిగా కిందికి దిగుతుంది.

రక్షణ కోసం రూపొందించిన ఈ ఏర్పాటే ఒకసారి ప్రమాదానికి దారితీసింది. 2014 అక్టోబరు 31న పరీక్షా ప్రయాణంలో కో-పైలట్ తోక భాగపు తాళాన్ని నిర్ణీత వేగం రాకముందే తెరిచారు. గాలి ఒత్తిడికి తోక లేచి, ఎంటర్‌ప్రైజ్ అనే నౌక ముక్కలైంది. కో-పైలట్ మరణించారు. మానవ తప్పిదానికి ఆస్కారముందని గుర్తించి జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత రూపకర్తలదేనని దర్యాప్తు స్పష్టం చేసింది. ఆ తర్వాత, తాళం ముందుగా తెరుచుకోకుండా యూనిటీలో అదనపు నిరోధకాన్ని అమర్చారు.

2021 జులై 11న న్యూమెక్సికో నుంచి బయలుదేరిన యూనిటీలో ఇద్దరు పైలట్లతో సహా ఆరుగురు ప్రయాణించారు. వారిలో సంస్థ వ్యవస్థాపకుడు రిచర్డ్ బ్రాన్సన్‌తో పాటు శిరీష ఉన్నారు. నౌక సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. అమెరికా ప్రమాణం ప్రకారం అంతరిక్షం 80 కిలోమీటర్ల వద్ద మొదలవుతుంది. 100 కిలోమీటర్లను సరిహద్దుగా భావించేవారూ ఉన్నారు. అమెరికా లెక్కన చూస్తే, భారత్‌లో జన్మించి కల్పనా చావ్లా తర్వాత అంతరిక్షానికి వెళ్లిన రెండో మహిళ శిరీష.

ఆమె ఈ యాత్రలో కేవలం ప్రయాణికురాలు కాదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం రూపొందించిన ప్రయోగాన్ని స్వయంగా నిర్వహించారు. మొక్కలున్న గొట్టాలను రాకెట్ మండకముందు, భారరహిత స్థితిలోకి ప్రవేశించగానే, ఆ స్థితి ముగిశాక వేర్వేరుగా తిప్పి, ఆయా క్షణాల్లో మొక్కల కణాల్లోని మార్పులను భద్రపరిచారు. భారరహిత స్థితి కొద్ది నిమిషాలు మాత్రమే ఉండే యాత్రలో పరిశోధకులు చేతులతో పని చేయగలరా అన్నది కూడా దీనితో పరీక్షకు వచ్చింది.

యాత్ర విజయవంతమైనా పరిశీలన ఆగలేదు. తిరుగు ప్రయాణంలో నౌక తనకు కేటాయించిన గగనతలాన్ని కొద్దిసేపు దాటినట్లు తేలడంతో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ తదుపరి యాత్రలను నిలిపివేసింది. దర్యాప్తు అనంతరం, అదే ఏడాది సెప్టెంబరు చివర్లో తిరిగి అనుమతించింది. యూనిటీ తన చివరి యాత్రను 2024 జూన్‌లో పూర్తి చేసింది.

దృష్టి లోపం శిరీషకు పైలట్ ఆసనాన్ని దూరం చేసింది. అదే నౌకలో పరిశోధకురాలి స్థానాన్ని ఆమెకు దగ్గర చేసింది ఇంజినీరింగ్ విద్య.