జోడు కుదరని 45 క్రోమోజోములు

కలుపు మొక్క కొత్త నేలలో పాకే వేగం దాని గింజల సంఖ్యను బట్టి ఉంటుందని సాధారణంగా భావిస్తారు గానీ, సాల్వీనియా మొలెస్టా అనే నీటి ఫెర్న్ విషయంలో ఆ లెక్క చెల్లదు. ఫెర్న్ కనుక దీనికి గింజలు ఎలాగూ లేవు. వాటికి బదులు ఉండవలసిన సిద్ధబీజాలు, అంటే సంతానాన్నిచ్చే సూక్ష్మకణాలు, సైతం దీనిలో సరిగా తయారుకావు. సాల్వీనియాలలో ఒక జట్టుకు తొమ్మిది క్రోమోజోములు కాగా, ఈ మొక్క కణంలో అలాంటి జట్లు ఐదు, మొత్తం 45 క్రోమోజోములు ఉంటాయి. సిద్ధబీజాలు ఏర్పడే ముందు క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించే క్షయకరణ విభజనలో ప్రతి క్రోమోజోముకూ ఒక జోడు కుదరాలి. ఐదు జట్లను రెండు సమభాగాలుగా పంచడం కుదరదు కనుక, సిద్ధబీజాల సంచులు నీటి అడుగున గుత్తులుగా వేలాడుతున్నా లోపల చాలావరకు డొల్లగానే మిగులుతాయి.

అయినా ఈ గొడ్డుమొక్క చెరువులను కప్పేస్తుంది. కణుపు ఉన్న చిన్న ముక్క విరిగినా అది మరో మొక్కవుతుంది. వెచ్చని, సారవంతమైన నీటిలో రెండు మూడు రోజులకే రెట్టింపవుతుంది. కణుపుకు మూడేసి ఆకులు: రెండు నీటిపై తేలుతాయి, మూడవది వేరులా చీలి కిందికి వేలాడుతుంది. తేలే ఆకులపై నూగు దట్టంగా ఉండడంతో, వాటిని నీటిలో ముంచి వదిలినా తడి అంటకుండా పైకి లేస్తాయి. ఆఫ్రికాలోని కరీబా జలాశయంలో 1962 నాటికి ఇది సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్లు ఆక్రమించింది. కేరళ రైతులు దీనిని ఆఫ్రికన్ పాయల్ అన్నారు గానీ, ఆఫ్రికా దీని పుట్టిల్లు కానే కాదు.

పుట్టిల్లు తెలియకపోవడం చిన్న లోపం కాదు. దీనిని చాలాకాలం సాల్వీనియా ఆరిక్యులేటా అనే మరో జాతిగా పొరబడి, ఆ జాతిపై బతికే పురుగులను తెచ్చి వదిలినా ఫలితం దక్కలేదు. 1972లో మిచెల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని వేరే జాతిగా వర్ణించగా, 1978లో ఆగ్నేయ బ్రెజిల్‌లో దీని స్వస్థలం బయటపడింది. అక్కడ దీనిని తినే చిన్న ముక్కుపురుగును 1980లో ఆస్ట్రేలియాలోని మూన్‌డారా సరస్సులో వదిలితే ఏడాదికి కాస్త పైగా గడిచేసరికి కలుపు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కేరళలోనూ తరువాత అదే పురుగు పని చేసింది.

తెలుగు చెరువుల్లోని గుర్రపుడెక్క సంగతి వేరు. దానికి ఎనిమిదేసి క్రోమోజోముల జట్లు నాలుగు, అంటే సరిసంఖ్య కనుక జోడీలు కుదురుతాయి. పిలకలతో పాకుతూనే అది విత్తనమూ కడుతుంది, ఆ విత్తనం బురదలో ఏళ్ల తరబడి జీవం కోల్పోదు. డెక్కనంతా లాగి గట్టున వేసిన చెరువులోనే, నీరు తగ్గి అడుగు బురద బయటపడ్డ ఏడాది మళ్లీ మొలకలు కనిపించేది అందుకే.