ఆఫ్రికన్ వయొలెట్: గదిలో విత్తనాల ద్వారా నారు పెంపకం
ఆఫ్రికన్ వయొలెట్ టాంజానియా, కెన్యా కొండ అడవులలోని నీడ మొక్క. 18–24 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత దీనికి అనుకూలం. తెనాలి సమీపంలోని కొలకలూరులో వేసవి ఉష్ణోగ్రత కొన్ని రోజులు 40 డిగ్రీలు దాటుతుంది కనుక, దీనిని గదిలోనే పెంచాలి. నవంబరు విత్తడానికి అనువైనది.

ఆకు ద్వారా వ్యాప్తి చేస్తే సాధారణంగా తల్లి మొక్క లక్షణాలే వస్తాయి. కొత్త రకాల కోసం విత్తనాలే ఆధారం. ధూళి వంటి ఈ విత్తనాలు మొలకెత్తడానికి వెలుతురు అవసరం. అందువల్ల తేమగా ఉన్న కొబ్బరి పొట్టు, వర్మిక్యులైట్ మిశ్రమంపై చల్లి, పైన ఏమీ కప్పరాదు. నీటిని అడుగు నుండే అందించాలి. పారదర్శక మూత పెట్టి, ఎల్‌ఈడీ దీపం కింద ఉంచాలి. రెండు మూడు వారాలలో మొలకలు వచ్చాక మూతను క్రమంగా తొలగించకపోతే నారుకుళ్ళు తెగులు సోకే ప్రమాదం ఉంది.

పూతకు ఆరు నుండి తొమ్మిది నెలలు పడుతుంది. అంటే నవంబరు నారు పూయకముందే వేసవిని ఎదుర్కొంటుంది. కావున చల్లని గది ఏర్పాటు చేసుకున్న తరువాతే విత్తడం శ్రేయస్కరం.