శుభాకాంక్షల కార్డుపై సినిమా పలుకు

మెదక్ జిల్లాలోని కుల్చారమునకు కొలిచెలమ యని పూర్వనామము. కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు రచించిన మల్లినాథసూరి యింటిపేరునకు ఈ గ్రామమే మూలమని పండితులు చెప్పుదురు. ఆధారము లేని మాట వ్రాయకుండుట ఆయన నియమము. పదమున కర్థము చెప్పినంతనే అది యే నిఘంటువులోనిదో పేర్కొనుట ఆయన పద్ధతి.

అట్టి గ్రామమున నేడొక బాలిక ఉగాదికి అట్టముక్కపై మామిడాకులు చిత్రించి, క్రింద ‘గుండమ్మ కథ’లోని పాట చరణమొకటి వ్రాసి స్నేహితురాలి కిచ్చినదనుకొనుడు. అందు దోషమున్నదా?

ఆ చిత్రము 1962లో విడుదలయినది. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి చలనచిత్రముపై హక్కు, విడుదలయిన మరుసటి యేడాది మొదలు 60 సంవత్సరములు. అది 2022తో తీరినది. ఇక అంతయు అందరిదే యని తొందరపడరాదు. రచన ఆయువు వేరు. దానిని రచయిత గతించిన మరుసటి యేడాది నుండి 60 సంవత్సరములు లెక్కింపవలెను. పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కీర్తిశేషులైరి. వారి సాహిత్యమునకు 2031 చివరివరకు రక్షణ కలదు. సంభాషణలు వ్రాసిన డి.వి. నరసరాజు 2006లో గతించిరి. వారి పలుకులకు 2066 వరకు. బొమ్మకు విడుదల లభించినను మాటకింకను లభింపలేదు!

అయినను ఆ బాలిక భయపడనక్కరలేదు. స్వంత వినియోగమునకు న్యాయముగా వాడుకొనుటను చట్టము మన్నించినది. బోధనలో భాగముగా ఉపాధ్యాయుడుగాని విద్యార్థిగాని రచన నెత్తి వ్రాసుకొనుటకును అడ్డులేదు. సినిమా పేరు మాత్రమే వ్రాసినచో చింతయే లేదు. కేవలము పేరునకు కాపీరైటు లేదని సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పినది.

చిక్కు వచ్చునది పాఠశాల వార్షికోత్సవమున. అదే కార్డును నూరు ప్రతులు తీసి, పది రూపాయలకొకటి చొప్పున విక్రయించినచో అది స్వంత వినియోగ మనిపించుకొనదు. చేతితో చేసితిమనుటయు, ధర్మకార్యమునకే యనుటయు సమాధానములు కావు. ‘ఒక్క చరణమే కదా’ యన్నను చెల్లదు. పాటయే చిన్నది గనుక చరణమే అందలి ముఖ్యభాగము కావచ్చును. హక్కుదారుల అనుమతి వ్రాతపూర్వకముగా పొందవలెను, లేదా పిల్లలే స్వయముగా నాలుగు మాటలు కూర్చుకొనవలెను. ఈ రెండవ దారియే మేలు, ఖర్చులేనిదియు.

కవి పేరు వ్రాసినంత మాత్రమున అనుమతి లభించినట్లు కాదు. అయినను పేరు వ్రాయుట మానరాదు. హక్కుల నమ్ముకొన్న పిమ్మటను తన కృతి తనదని చెప్పుకొను అధికారమును చట్టము రచయితకే యుంచినది. లోకమో, పాటను తెరపై పెదవులు కదపిన నటునికి కట్టబెట్టుచున్నది. తరగతిలో ఒక్కొక్క కార్డునకు అసలు కవి యెవరో వెదకించి, వెనుకవైపున ఆ పేరు వ్రాయించినచో అరగంట చాలును.