మధుమేహి పరుగు

ఏ ఉన్నత పాఠశాలలోనైనా ఆటల గంట మ్రోగగానే పిల్లలందరూ మైదానములోకి ఉరుకుతారు. వారిలో ఒకడు మాత్రము వేపచెట్టు నీడలో పుస్తకాల సంచులకు కాపలాగా కూర్చుండిపోతాడు. వాడికి పరుగెత్తవలెనన్న ఆశ లేకకాదు. వాడు పూటపూటకు ఇన్సులిన్ సూది వేసుకొనే పిల్లవాడు. "పరుగెత్తితే పడిపోతాడు, ఆ పూచీ మనకెందుకు?" అని పెద్దలు వాడిని నీడపట్టున కూర్చుండబెట్టినారు. ఆ చెట్టుకు కొంచెము దూరములో, వరండాలో, కుర్చీలో కూర్చున్న మాష్టారికి నలభై అయిదేండ్లు. ఆయనకూ చక్కెర వ్యాధియే. ఆయనను పరుగెత్తవద్దన్నవారు లేరు. నడవండి, ఓపిక చిక్కితే మెల్లగా పరుగెత్తండి అని వైద్యుడు చూచినప్పుడల్లా చెబుతూనే ఉన్నాడు. ఆయనకే తీరిక దొరకలేదు.

వ్యాధి పేరు ఒకటే. ఒకరు ఇతరుల భయమువల్ల కదలరు; మరొకరు తన బద్ధకమువల్ల కదలరు. ఆ భయము ఎంతవరకు న్యాయము? ఈ బద్ధకానికి వెల ఎంత? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుట బడిలో ఉన్నవారందరికీ అవసరము. భారత వైద్య పరిశోధనా మండలి చేయించిన సర్వే 2023లో వెలువడినది. దాని లెక్క ప్రకారము 2021 నాటికి మన దేశములో మధుమేహులు 10 కోట్లకు పైబడినారు. మరి 13 కోట్ల 60 లక్షల మంది ఆ వ్యాధి గడపలో నిలిచి ఉన్నారు. అంటే ఈ కథ ఏ ఇంటికీ పరాయి కథ కాదు.

మన ప్రాచీనులు ఈ వ్యాధిని బాగుగా ఎరుగుదురు. మూత్రము తేనెవలె ఉండుటనుబట్టి దీనికి మధుమేహమని పేరు పెట్టినవారు వారే. చరకుడు ప్రమేహ కారణములను చెబుతూ మొట్టమొదట పేర్కొన్నది కూర్చుండు సుఖమును, ఆ వెంటనే నిద్రా సుఖమును. ఆ పిదపనే పెరుగు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు మొదలైనవి వచ్చినవి. తిండికంటె ముందు కుర్చీని తప్పుపట్టిన ఆ చూపు మెచ్చదగినది.

సుశ్రుతుడు మరొక అడుగు ముందుకు వేసినాడు. పుట్టుకతో వచ్చే ప్రమేహము వేరు, అపథ్యమువల్ల వచ్చేది వేరు అని ఆయన విభాగము చేసినాడు. మొదటి రకపు రోగి సాధారణముగా కృశించి ఉంటాడు; రెండవవాడు స్థూలకాయుడు. వ్యాధి ముదిరినవారికి ఆయన విధించిన చికిత్సలో వ్యాయామము, మల్లయుద్ధము, ఆటలు, గుఱ్ఱపు స్వారి, కాలినడక ఉన్నవి. ధనము, బంధుబలము లేనివాడైతే గొడుగు, చెప్పులు లేకుండా, బిచ్చమెత్తుకొని తింటూ, ఊరికొక రాత్రి చొప్పున నిలుస్తూ మునివలె నూరు యోజనాలు నడవవలెనట! లేదా నేల దున్నవలెను, బావి త్రవ్వవలెను. అయితే అదే చోట ఆయన మరొక హెచ్చరిక చేసినాడు. కృశించిన రోగిని మాత్రము ఎల్లవేళలా కాపాడుకోవలెనన్నాడు. ఒకే వ్యాధి పేరుమీద ఇద్దరికి రెండు విధులు! నేటి వైద్యులు మొదటి రకము, రెండవ రకము అని చెప్పే మధుమేహములకూ ఈ విభాగానికీ అచ్చముగా ముడివేయలేము. అయినా రోగినిబట్టి శ్రమ అన్న సూత్రము నేటికీ చెల్లుతున్నది.

కృశించిన రోగిని కాపాడే సాధనము మాత్రము ఆ తరువాత ఎన్నో శతాబ్దాలకుగాని దొరకలేదు. 1921లో కెనడా దేశపు టొరంటో నగరములో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు యువకులు మాక్లియాడ్ ఆచార్యుని ప్రయోగశాలలో కుక్కల క్లోమమునుండి ఇన్సులిన్ సారమును తీసినారు. కాలిప్ అనే రసాయనవేత్త దానిని శుద్ధి చేసినాడు. 1922 జనవరిలో లెనార్డ్ థామ్సన్ అనే పదునాలుగేండ్ల బాలుడు ఆ మందుతో మొదటిసారి బ్రతికి బయటపడినాడు. అంతవరకు అటువంటి పిల్లలకు తిండి మాన్పించి నాలుగు నాళ్లు ప్రాణము నిలుపుట తప్ప వేరు దారి లేదు.

ఆ మందు అందుకొన్న తొలి తరమువారిలో ఆర్. డి. లారెన్స్ అనే లండను వైద్యుడు ఒకడు. మధుమేహము వచ్చినదని తెలిసినప్పుడు ఆయన ఇంకా యువకుడు. తన వారి కండ్ల ఎదుట చనిపోవుట ఇష్టములేక ఇటలీలోని ఫ్లారెన్సు నగరానికి వెళ్లి అక్కడ వైద్యము చేసుకొంటూ కడదినాలు లెక్కపెట్టుకొంటున్నాడు. 1923లో ఇన్సులిన్ వచ్చినదని మిత్రుడు తంతి పంపగా, నీరసించిన దేహముతో కారు నడుపుకొంటూ లండను చేరి బ్రతికినాడు. ఆ పిమ్మట నలభై అయిదు సంవత్సరాలు జీవించి 1968లో మరణించినాడు. 1926లో ఆయన ప్రకటించిన ఒక వ్యాసము మన ప్రస్తావనకు మూలస్తంభము. వ్యాయామము ఇన్సులిన్ బలాన్ని పెంచుతుందని అందులో నిరూపించినాడు. సూదిమందు వేసుకొని శ్రమ చేసినవాని రక్తములో చక్కెర, ఊరక కూర్చున్నవానికంటె త్వరగా, ఎక్కువగా పడిపోతుంది. శ్రమ మేలు చేసేదీ ఇందువల్లనే. ఆపద తెచ్చేదీ ఇందువల్లనే.

ఇది ఎట్లు జరుగుతుంది? కండరము కదులుటకు కావలసిన శక్తి ఏ రూపములో నిలువ ఉంటుందో కనిపెట్టినవారిలో మన భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రముఖుడు. హార్వర్డు వైద్య విద్యాలయములో ఫిస్కే ఆచార్యునితో కలిసి ఆయన 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీ అనే పదార్థాన్నీ కండరములలో గుర్తించినాడు. పరుగెత్తేవాని ప్రతి అడుగునకూ ఖర్చయ్యేది ఈ ఏటీపీయే. నిలువ ఉన్నది క్షణాలలో కరిగిపోతుంది. దానిని మరల నింపుటకు కండరము చక్కెరను, క్రొవ్వును ఇంధనముగా వాడుకొంటుంది.

రక్తములోని చక్కెర కండరములోనికి తనంత తాను పోలేదు. మోసుకొనిపోయే బోయీలు కావలెను. కూర్చున్నవాని కండరములో ఆ బోయీలు లోపల నిద్రపోతూ ఉంటారు. ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టితేనే లేస్తారు. రెండవ రకపు మధుమేహిలో ఈ తట్టుట వారికి సరిగా వినబడదు. కాని కండరము పనిచేయ మొదలిడగానే, ఇన్సులిన్ పిలుపుతో నిమిత్తము లేకుండా, వారు తమంత తామే లేచి వచ్చి చక్కెరను మోసుకొనిపోతారు. ఆట ముగిసిన పిదప కూడ ఒకటి రెండు రోజులవరకు వారి చెవులు చురుకుగానే ఉంటవి. కనుకనే వ్యాయామములో వరుసగా రెండు రోజులకు మించి ఎడము ఇవ్వరాదని నేటి వైద్యుల మాట.

దీని ఫలితము లెక్కలకు కూడ అందినది. చైనాలోని డాచింగ్ పట్టణములో 1986లో మొదలిడిన పరిశోధనలో మధుమేహపు గడపలో ఉన్నవారిని ఆరేండ్లు గమనించినారు. ఏ మార్పూ చేసుకోనివారిలో నూటికి 68 మంది వ్యాధిగ్రస్తులైనారు. వ్యాయామము చేసినవారిలో 41 మంది మాత్రమే. మన చెన్నైలో జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనలో మూడేండ్లకు ఆ లెక్క 55కు 39గా వచ్చినది. అక్కడ చెప్పినది రోజుకు అరగంట చురుకైన నడక, తిండిలో మితము, అంతే. వరండాలో కుర్చీ వెల ఎంత అన్న ప్రశ్నకు ఈ అంకెలే జవాబు.

"పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలు" అని మనలో సామెత ఉన్నది. అది ఆశకు కళ్లెము వేయుటకు పుట్టినదే గాని కాళ్లకు సంకెల వేయుటకు కాదు. అయినను ఇన్నేండ్లు కూర్చున్నవాడు ఒకనాటి ఉదయము ఉన్నట్టుండి పరుగు అందుకొనుట తగదు. మొదట వైద్యునిచేత గుండెను, కంటి లోపలి పొరను, పాదముల స్పర్శను పరీక్ష చేయించుకోవలెను. కంటిలో క్రొత్త రక్తనాళములు పుట్టి చికిత్స జరుగనివారు తీవ్రమైన శ్రమ చేయరాదు. పాదములో స్పర్శ తగ్గినవానికి ముల్లు గ్రుచ్చుకొన్నా తెలియదు. ఆ చిన్న పుండే కాలికి ముప్పు తేవచ్చును. సుశ్రుతుని మాటలో నేటి మధుమేహి పాటించరానిది చెప్పులు లేని నడక ఒక్కటే. సరిపోయిన బూట్లు, పొడి మేజోళ్లు, పరుగు ముగియగానే అరికాలు తడిమి చూచుకొనే అలవాటు ఉండవలెను.

ఆపైన నిదానమే ప్రధానము. మొదటి వారాలు నడకయే. తరువాత ఒక నిమిషము పరుగు, రెండు నిమిషాలు నడక. ప్రక్కవానితో మాట్లాడగలిగినంత వేగము చాలును. ఒకరి పరుగు మరొకరికి కొలత కాదు. నడకైతే వారానికి 150 నిమిషాలు, పరుగైతే 75 నిమిషాలు నిండితే శరీరానికి తగిన న్యాయము జరిగినట్లే. మన వేసవిలో సూర్యోదయానికి ముందే ముగించుట, నీరు త్రాగుట మరువరాదు.

ఇక వేపచెట్టు క్రింది పిల్లవాని సంగతి. ఆరోగ్యవంతుడు పరుగెత్తినప్పుడు వాని క్లోమము ఇన్సులిన్‌ను తానే తగ్గించుకొంటుంది. సూదితో ఒంటిలోకి పంపిన ఇన్సులిన్‌ను వెనుకకు పిలుచుట ఎవరి తరమూ కాదు. పెద్దల భయానికి కారణము ఇదే. అది ఉత్త భయము కాదు. కాని దానికి విరుగుడు నీడ కాదు, లెక్క. పరుగుకు ముందు వ్రేలినుండి చుక్క రక్తము తీసి చూచుకోవలెను. చక్కెర 90 మిల్లీగ్రాములకు తక్కువైతే ముందు కొంచెము తిని కాసేపు ఆగవలెను. 90కి 250కి నడుమ ఉంటే సాధారణముగా మొదలిడవచ్చును. 250 దాటితే కీటోనులకు పరీక్ష చేసి, అవి కనిపిస్తే ఆనాటికి పరుగు మానవలెను. పరుగెత్తబోయే తొడకు సూది వేసుకోరాదు, మందు త్వరగా రక్తములో కలిసిపోతుంది. పరుగు ఉన్ననాడు సూదిమందు ఎంత తగ్గించవలెనో వైద్యుడు ముందే చెప్పి ఉంచవలెను. సాయంత్రము ఆడిన ఆట ఫలము అర్ధరాత్రి నిద్రలో చక్కెర పడిపోవుటగా రావచ్చును. కనుక ఆనాడు తల్లిదండ్రులు పడుకొనబోయేముందు ఒకసారి చూడవలెను. రెండవ రకమువారిలో కూడ ఇన్సులిన్‌గాని గ్లిమెపిరైడ్ వంటి మాత్రలుగాని వాడేవారికి ఈ జాగ్రత్త తప్పదు.

ఆట మధ్యలో పిల్లవానికి చేతులు వణికినా, చల్లని చెమట పట్టినా, మాట తడబడినా, ఊరక చిరాకు పడినా అది అల్లరి కాదు, సోమరితనమూ కాదు. చక్కెర 70కి దిగువకు జారినదేమోనని వెంటనే అనుమానించవలెను. వాడిని కూర్చుండబెట్టి మూడు చెమ్చాల చక్కెర నీటిలో కలిపి త్రాగించవలెను. పదునైదు నిమిషాలు ఆగి మరల పరీక్షించి, తక్కువగానే ఉంటే మరల ఇవ్వవలెను. స్పృహ తప్పితే మాత్రము నోట ఏమీ పోయరాదు, ఆస్పత్రికి చేర్చవలెను. ఒక బడిలోని ఉపాధ్యాయులందరూ నేర్చుకొనుటకు ఈ పాఠానికి అరగంట చాలును. ఆ అరగంట లేకపోవుటవల్లనే ఒక బాల్యము చెట్టునీడలో గడిచిపోతున్నది.

ఈ లెక్క నేర్చినవారు ఎంత దూరము వెళ్లగలరో చెప్పుటకు పరుగుల చరిత్రలోనే సాక్ష్యమున్నది. అమెరికాలోని లకోటా జాతికి చెందిన బిల్లీ మిల్స్ పన్నెండేండ్లకే తల్లిదండ్రులు లేనివాడైనాడు. రక్తములో చక్కెర పడిపోయే బాధ అతనికి ఉండేది. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో 10,000 మీటర్ల పరుగులో అతడు గెలుస్తాడని తలచినవారు అరుదు. చివరి చుట్టులో వెనుకబడి, తోపులాటలో తూలి, మరల పుంజుకొని అందరినీ దాటి బంగారు పతకము అందుకొన్నాడు. ఆ పిమ్మట మధుమేహి అయినా, ఆ వ్యాధితో అల్లాడే తన జాతివారికి వ్యాయామపు విలువను చెబుతూ ఊరూరా తిరిగినాడు. మనవారికి బాగా తెలిసిన పాకిస్తాను బౌలరు వసీం అక్రంకు 1997లో ఈ వ్యాధి బయటపడినది. 2003 ప్రపంచ కప్పు పోటీలలో కూడ అతడు బంతి వేస్తూనే ఉన్నాడు.

అందరూ పతకాలు తేనక్కరలేదు. చక్కెర వ్యాధి పరుగును నిషేధించలేదు. నిషేధిస్తున్నది మన తెలియనితనము. ఒకనాటి సాయంత్రము మాష్టారు కుర్చీలోనుంచి లేచి, బూట్ల తాడు బిగించి, చెట్టుదగ్గరకు వెళ్లి "లేవరా, ఇద్దరమూ ఒక చుట్టు తిరిగివద్దాము, ముందు నీ లెక్క చూడు" అంటే చాలును. "నూట నలభై ఉన్నదండీ" అని వాడు లేస్తాడు. మాష్టారి జేబులో చక్కెర పొట్లము ఉంటుంది. అది ఇద్దరికీ పనికి వస్తుంది.