ఆన్‌లైన్ వినియోగదారు ప్రవర్తన

ఇంటర్నెట్టు ద్వారా వస్తువులను, సేవలను వెదకి, పోల్చి, కొనే క్రమంలో మనుషులు తీసుకునే నిర్ణయాలను, ఆ నిర్ణయాలకు గల కారణాలను అధ్యయనం చేసే పరిశోధనా రంగాన్ని ఆన్‌లైన్ వినియోగదారు ప్రవర్తన అంటారు. అర్థశాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, మార్కెటింగు, కంప్యూటరు శాస్త్రం ఈ రంగంలో కలుస్తాయి. అంగడికి వెళ్ళినవారు బియ్యాన్ని అరచేతిలో పోసుకొని చూస్తారు, చీర అంచును వేళ్ళతో నలిపి చూస్తారు, కొట్టువాని ముఖం చూసి బేరమాడతారు. కంప్యూటరు తెరపై ఈ మూడింటికీ అవకాశం లేదు. అటువంటప్పుడు కొనేవారు దేనిని చూసి నమ్ముతారు, ఆ నమ్మకం ఎంతవరకు సబబు అన్నది ఈ రంగంలోని ప్రధానమైన ప్రశ్న.

చరిత్ర

ఇంగ్లాండుకు చెందిన మైకేల్ ఆల్డ్రిచ్ 1979లో ఒక టెలివిజన్‌ను టెలిఫోను తీగ ద్వారా కంప్యూటరుకు కలిపి, ఇంటినుండే సరుకులు కొనే పద్ధతిని రూపొందించాడు. 1984లో గేట్స్‌హెడ్ పట్టణంలో 72 ఏళ్ళ వృద్ధురాలు ఈ పద్ధతిలో టెస్కో దుకాణం నుండి గుడ్లు, కార్న్‌ఫ్లేక్స్, మార్జరిన్ తెప్పించుకున్నది. వెబ్ వ్యాప్తిలోకి వచ్చిన తరువాత 1995లో అమెజాన్ పుస్తకాల అమ్మకం మొదలుపెట్టింది. అదే సంవత్సరం సెప్టెంబరులో పియర్ ఒమిద్యార్ ఒక వేలం వెబ్‌సైటును ప్రారంభించాడు. ఇదే తరువాత ఈబే అయినది. అందులో మొదట అమ్ముడుపోయిన వస్తువు పాడైపోయిన ఒక లేజర్ పాయింటరు. దాని ధర 14.83 డాలర్లు.

భారతదేశంలో ఫ్లిప్‌కార్ట్ సంస్థ 2007లో బెంగళూరులో మొదలైనది. దాని తొలి కొనుగోలుదారు మహబూబ్‌నగర్‌కు చెందిన ఒక పాఠకుడు. ఆయన కొన్నది ఒక పుస్తకం. కార్డు వివరాలను ఇంటర్నెట్టులో ఇవ్వడానికి జనం వెనుకాడుతున్న ఆ రోజుల్లో, 2010లో ఈ సంస్థ సరుకు చేతికి అందాకే డబ్బు చెల్లించే సౌకర్యాన్ని ప్రవేశపెట్టింది. ముందు సరుకు, తరువాత సొమ్ము అనే పాత అంగడి పద్ధతిని కొత్త వర్తకంలోకి తెచ్చిన ఏర్పాటు ఇది.

సమాచార అసమానత

అమ్మేవానికి సరుకు గురించి తెలిసినంత కొనేవానికి తెలియకపోవడాన్ని అర్థశాస్త్రంలో సమాచార అసమానత అంటారు. దీనిపై జార్జ్ అకెర్‌లాఫ్ 1970లో ప్రచురించిన వ్యాసం ప్రసిద్ధమైనది. అతడు పాత కార్ల అంగడిని ఉదాహరణగా తీసుకున్నాడు. ఏ కారు మంచిదో, ఏది చెడ్డదో కొనేవానికి తెలియదు కనుక అతడు సగటు ధరకు మించి ఇవ్వడు. ఆ ధరకు మంచి కారు గలవాడు అమ్మడానికి ఇష్టపడడు. మంచి కార్లు తగ్గేకొద్దీ సగటు నాణ్యత పడిపోతుంది, ధర ఇంకా తగ్గుతుంది. చివరకు అంగడిలో చెడ్డ సరుకే మిగులుతుంది. అకెర్‌లాఫ్‌కు ఈ కృషికిగాను 2001లో మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ సిద్ధాంతం ప్రకారం చూస్తే, ముక్కూమొహం తెలియని వ్యక్తులు ముందుగా డబ్బు పంపి సరుకు కోసం ఎదురుచూసే ఈబే వంటి అంగడి నిలబడకూడదు. కాని నిలబడింది. అది ఎలా సాధ్యమైనదన్న ప్రశ్న నుండే ఈ రంగంలోని ముఖ్యమైన పరిశోధనలు అనేకం పుట్టాయి.

రేటింగులు, సమీక్షలు

ఈబే 1996లో కొనేవారు, అమ్మేవారు ఒకరి గురించి మరొకరు అభిప్రాయం రాసే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఊరిలో ఒక వర్తకుని గురించి పదిమంది చెప్పుకునే మాట ఏ పని చేస్తుందో, ఇక్కడ ఆ పనిని ఈ అభిప్రాయాలు చేస్తాయి. ఈ మంచిపేరుకు ధర ఎంత అన్నది పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హాజర్, వారి సహచరులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో లెక్కకట్టారు. పాతకాలపు పోస్టుకార్డులను ఒకే అమ్మకందారు రెండు రకాల ఖాతాలతో అమ్మాడు. ఒకటి ఏళ్ళ తరబడి మంచిపేరు గలది, మిగిలినవి కొత్తవి. కార్డులు ఒకే రకమైనవే అయినా, పాత ఖాతాకు కొనేవారు సుమారు 8.1 శాతం ఎక్కువ ధర ఇచ్చారు.

జుడిత్ షెవలియర్, దీనా మేజ్లిన్ 2006లో అమెజాన్, బార్న్స్ అండ్ నోబుల్ వెబ్‌సైట్లలోని పుస్తకాల సమీక్షలను పరిశీలించారు. మంచి సమీక్షలు అమ్మకాలను పెంచుతాయని, అయితే ఐదు నక్షత్రాల సమీక్ష కలిగించే మేలుకంటే ఒక నక్షత్రం సమీక్ష కలిగించే నష్టమే ఎక్కువని వారు కనుగొన్నారు. హార్వర్డ్‌కు చెందిన మైకేల్ లూకా 2011లో సియాటిల్ నగరంలోని హోటళ్ళ రాబడులను యెల్ప్ రేటింగులతో పోల్చాడు. ఒక నక్షత్రం పెరిగితే రాబడి 5 నుండి 9 శాతం వరకు పెరిగినట్లు తేలింది. ఈ ప్రభావం పేరున్న గొలుసు హోటళ్ళపై కనిపించలేదు, సొంతంగా నడిచే హోటళ్ళపైనే కనిపించింది. పెద్ద సంస్థకు దాని పేరే హామీ. చిన్న వ్యాపారికి నక్షత్రాలే హామీ.

సమీక్షల లోపాలు

సమీక్షలు నిజాన్ని ఉన్నదున్నట్లు చూపే అద్దాలు కావని తరువాతి పరిశోధనలు చూపాయి. ఇందులో మూడు లోపాలు ముఖ్యమైనవి.

మొదటిది మొహమాటం, భయం. 1999 నాటి ఈబే లావాదేవీలను రెస్నిక్, జెక్‌హాజర్ పరిశీలించగా, కొనుగోలుదారులు ఇచ్చిన అభిప్రాయాలలో 99.1 శాతం మంచివే. దాదాపు సగం మంది అసలు ఏమీ రాయలేదు. చెడుగా రాస్తే అవతలివాడు తమ గురించీ చెడుగా రాస్తాడన్న భయం దీనికి ఒక కారణం. అందువల్ల 2008లో ఈబే అమ్మకందారులు కొనుగోలుదారులకు చెడు అభిప్రాయం ఇచ్చే వీలును తొలగించింది.

రెండవది మంద ప్రభావం. 2006లో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 14,341 మందితో ఒక ప్రయోగం చేశారు. ఎవరికీ అంతగా తెలియని 48 పాటలను వెబ్‌సైటులో ఉంచారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మిగిలినవారిని ఎనిమిది వేర్వేరు గుంపులుగా చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది దించుకున్నారో చూపారు. ఒక గుంపులో బాగా పేరు వచ్చిన పాట మరొక గుంపులో వెనుకబడింది. అలాగే లెవ్ ముచ్నిక్, సినాన్ ఆరల్, షాన్ టేలర్ 2013లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక వార్తల వెబ్‌సైటులోని వ్యాఖ్యలకు యాదృచ్ఛికంగా మొదటి మెప్పును జోడించారు. ఆ ఒక్క మెప్పు వల్ల చివరి రేటింగు సగటున 25 శాతం పెరిగింది. యాదృచ్ఛికంగా ఇచ్చిన తిరస్కారాన్ని మాత్రం తరువాతివారు సరిదిద్దారు.

మూడవది దొంగ సమీక్షలు. మేజ్లిన్, డోవర్, షెవలియర్ 2014లో రెండు ప్రయాణ వెబ్‌సైట్లను పోల్చారు. ఎక్స్‌పీడియాలో బస చేసి డబ్బు చెల్లించినవారే రాయగలరు. ట్రిప్‌అడ్వైజరులో ఎవరైనా రాయవచ్చు. దగ్గరలో పోటీ హోటలు ఉన్న హోటళ్ళకు రెండవదానిలో చెడు సమీక్షలు ఎక్కువగా ఉన్నాయి. రాయడానికి అయ్యే ఖర్చు తగ్గేకొద్దీ అబద్ధం పెరుగుతుందని దీని సారాంశం.

స్పర్శకు ప్రత్యామ్నాయం

చేతితో తాకిన వస్తువును మనసు కొంతవరకు తనదిగా భావిస్తుంది. జోఆన్ పెక్, సుజాన్ షూ 2009లో దీనిని ప్రయోగపూర్వకంగా చూపారు. తాకుతున్నట్లు ఊహించుకున్నా ఈ భావన కొంత కలుగుతుందని కూడా వారు గమనించారు. ఆడం బ్రాజెల్, జేమ్స్ గిప్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, వస్తువు బొమ్మను టాబ్లెట్టు తెరపై వేలితో కదిపి చూసినవారు, మౌసుతో చూసినవారికంటే ఆ వస్తువుకు ఎక్కువ విలువ కట్టారు. వేలికి తగిలింది గాజు మాత్రమే అయినా, సొంతమన్న భావన వస్తువుపై కలిగింది.

వర్చువల్ ప్రపంచాలు

అసలు తాకడానికే వీలులేని వస్తువులకు కూడా ధర ఉండగలదని వర్చువల్ ప్రపంచాలపై జరిగిన పరిశోధనలు నిరూపించాయి. 1999లో విడుదలైన ఎవర్‌క్వెస్ట్ అనే ఆటలోని నోరాత్ అనే కల్పిత ప్రపంచాన్ని అర్థశాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాస్ట్రనోవా 2001లో ఒక దేశంలాగ పరిగణించి లెక్కలు వేశాడు. ఆటగాళ్ళు ఆటలోని కత్తులను, కవచాలను, నాణేలను బయట వేలం వెబ్‌సైట్లలో డాలర్లకు అమ్ముకునేవారు. ఆ ధరలను బట్టి చూస్తే నోరాత్ తలసరి ఉత్పత్తి రష్యాకు, బల్గేరియాకు మధ్యన ఉన్నట్లు తేలింది. 2003లో లిండెన్ ల్యాబ్ ప్రారంభించిన సెకండ్ లైఫ్‌లో లిండెన్ డాలరు అనే సొంత నాణెం ఉన్నది. దీనిని అమెరికా డాలర్లలోకి మార్చుకోవచ్చు. అమెరికన్ అపారెల్ అనే బట్టల సంస్థ 2006లో అక్కడ దుకాణం తెరిచి, మరుసటి సంవత్సరం మూసివేసింది.

ఇటువంటి ప్రపంచాలలో మనిషికి బదులుగా తెరపై కనిపించే బొమ్మను అవతారం అంటారు. సంస్కృతం నుండి ఆంగ్లంలోకి వెళ్ళిన ఈ మాట కంప్యూటరు పరిభాషగా తిరిగి వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ 2007లో ప్రచురించిన ప్రయోగాలలో, పొడవైన అవతారం ఇవ్వబడినవారు డబ్బు పంచుకునే బేరంలో గట్టిగా నిలబడ్డారు. పొట్టి అవతారం గలవారు తమకు అన్యాయమైన వాటాకు సులభంగా ఒప్పుకున్నారు. ధరించిన రూపం ప్రవర్తనను మార్చే ఈ లక్షణానికి, కోరిన రూపం ధరించే గ్రీకు దేవత పేరుమీద, ప్రోటియస్ ప్రభావం అని పేరు పెట్టారు.

డార్క్ ప్యాటర్నులు

మనసు పనితీరు గురించి తెలిసిన విషయాలు కొనేవారికి మేలు చేయడానికే కాక, వారిని బోల్తా కొట్టించడానికి కూడా ఉపయోగపడతాయి. కొనేవారు కోరని నిర్ణయం తీసుకునేలా తెరను అమర్చే ఎత్తుగడలకు హ్యారీ బ్రిగ్నల్ 2010లో డార్క్ ప్యాటర్నులు అని పేరు పెట్టాడు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ సహచరులతో కలిసి 2019లో సుమారు 11,000 అమ్మకపు వెబ్‌సైట్లను కంప్యూటరు ప్రోగ్రాము ద్వారా గాలించగా, 1,818 చోట్ల ఇవి బయటపడ్డాయి. వాటిలో 183 వెబ్‌సైట్లు నేరుగా మోసపూరితమైన పద్ధతులను వాడుతున్నాయి. కొన్ని వెబ్‌సైట్లలో గడువు గడియారం సున్నాకు చేరినా అదే ధర కొనసాగింది.

తరచుగా కనిపించే రకాలు:

* లేని తొందర కల్పించడం: "ఇంకా రెండే ఉన్నాయి", "పది నిమిషాలే గడువు" వంటి అబద్ధపు సూచనలు.
* బుట్టలో చొప్పించడం: అడగకుండానే బీమా, విరాళం వంటివి బిల్లులో చేర్చడం.
* సిగ్గుపరచడం: వద్దనే మీటపై "నాకు పొదుపు అక్కరలేదు" వంటి మాటలు రాయడం.
* విడతలుగా ధర చూపడం: మొదట తక్కువ ధర చూపి, చెల్లించే సమయానికి ఇతర రుసుములు కలపడం.
* చందా ఉచ్చు: చేరడం ఒక్క నొక్కుతో, మానుకోవడం మాత్రం చాలా కష్టంతో జరిగేలా చేయడం.

భారతదేశంలో నియమాలు

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆన్‌లైన్ కొనుగోళ్ళకు కూడా వర్తిస్తుంది. భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ సమీక్షల సేకరణ, ప్రచురణలపై ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. ఇది స్వచ్ఛందంగా పాటించవలసినదిగా మొదలైనది. ఆ చట్టం క్రింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్నులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ప్రకటించి, 13 రకాలను పేర్కొన్నది. పైన చెప్పిన ఐదు రకాలూ అందులో ఉన్నాయి. ఇటువంటి ఫిర్యాదులను జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు తెలుపవచ్చు.

పరిశోధనల ఉపయోగం

పై పరిశోధనల ఫలితాలు సామాన్య కొనుగోలుదారుకు కూడా పనికివస్తాయి. సగటు రేటింగు ఒక్కదానినే కాక, ఎంతమంది రాశారో, వారు నిజంగా కొన్నవారేనా అన్నది చూడాలి. మొదటి సమీక్షలు తరువాతివాటిని ప్రభావితం చేస్తాయి కనుక సంఖ్యకంటే వివరంగా రాసిన సమీక్షలకు విలువ ఇవ్వాలి. తొందరపెట్టే సూచన కనిపించినప్పుడు కొంతసేపు ఆగి మరల చూస్తే అది నిజమో కాదో చాలావరకు తెలుస్తుంది. కొన్న తరువాత తమ అనుభవాన్ని, మంచైనా చెడైనా, ఉన్నదున్నట్లు రాయడం మరొక కొనుగోలుదారుకు చేసే సహాయం. మౌనంగా ఉండిపోయేవారు పెరిగేకొద్దీ, రాసినవారి మాటలు వస్తువు అసలు నాణ్యతకు దూరమవుతాయి.