తిన్నని కుట్టే తొలి విద్య

బొగ్గు పట్టణాల చరిత్ర గనిలోకి దిగినవారి శ్రమను నమోదు చేసినంత వివరంగా, అదే కాలంలో కార్మికవాడల ఇళ్లలో సాగిన శ్రమను నమోదు చేయలేదు. సింగరేణి గనులతో పెరిగి, ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో కొత్తగా ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో భాగమైన బెల్లంపల్లికీ ఈ మాట వర్తిస్తుంది. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో స్త్రీలు పనిచేయడాన్ని నిషేధించింది. కేంద్రం 2019లో మాత్రమే కొన్ని షరతులతో ఆ నిషేధాన్ని సడలించింది. అంటే దాదాపు ఏడు దశాబ్దాల పాటు ఈ పట్టణంలో ప్రధానమైన జీతం భూమి లోపలి నుంచి వస్తున్నప్పుడు, ఆ లోపలికి స్త్రీలకు ప్రవేశం లేదు. ఇంటి పట్టునే ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకోగల పనుల్లో కుట్టుపని ముందు వరుసలో నిలవడానికి ఇదొక ముఖ్య కారణం. సింగరేణి సంస్థ సంక్షేమ విభాగమైన సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాల స్త్రీలకు ఇచ్చే వృత్తి శిక్షణల్లో టైలరింగ్‌కు స్థానం దక్కడం కూడా ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది.

పాత భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడిన బెల్లంపల్లి వంటి చోట ఈ విద్యకు విలువ పెరిగిందే తప్ప తగ్గలేదు. అయితే నేర్చుకోవడం మొదలుపెట్టిన వారిలో చాలామంది మధ్యలోనే మానేస్తారు. దీనికి చేతకానితనం కన్నా పాఠాల వరుస తప్పడమే ఎక్కువగా కారణమవుతుంది. మిషన్ ఇంటికి రాగానే జాకెట్ కుట్టాలన్న ఉత్సాహం కలగడం సహజమే కానీ, ఇంట్లో కుట్టుకునే బట్టలన్నింటిలోనూ జాకెట్ అత్యంత కష్టమైనది. యంత్రం, గీత, గుడ్డ, కొలత అనే నాలుగు మెట్లను ఈ వరుసలోనే ఎక్కినవారికి జాకెట్ తనంతట తానే అందుబాటులోకి వస్తుంది.

యంత్రం ఎలా కుడుతుంది

చేతికుట్టులో ఒకే దారం గుడ్డలోంచి పైకీ కిందికీ పోతుంది. మిషన్ కుట్టుకు రెండు దారాలు కావాలి. రీలు నుంచి సూదిలోకి వచ్చేది పైదారం కాగా, బాబిన్ అనే చిన్న చక్రానికి చుట్టుకుని గుడ్డ కింద ఉండేది కిందిదారం. సూది గుడ్డలోకి దిగి తిరిగి పైకి లేచే క్షణంలో పైదారం కొద్దిగా వదులై సూది పక్కన ఒక చిన్న ఉచ్చులా ఏర్పడుతుంది; అడుగున తిరిగే షటిల్ కొక్కెం ఆ ఉచ్చును అందుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది; వెంటనే పైనున్న మీట పైకి లేచి దారాన్ని లాగి బిగిస్తుంది. ఈ విధంగా రెండు దారాలూ గుడ్డ మందంలోనే ఒకదానినొకటి పెనవేసుకుంటాయి కాబట్టి దీనిని తాళపు కుట్టు అనవచ్చు. మొన దగ్గర రంధ్రం ఉన్న సూదితో, రెండు దారాలతో కుట్టే ఈ పద్ధతికి అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో పేటెంటు పొందగా, 1851లో ఐజాక్ సింగర్ పేటెంటు పొందిన యంత్రం దానిని ఇళ్లకు చేర్చిన వ్యాపారానికి పునాది వేసింది. యంత్రాల మీద తీవ్రమైన విమర్శ చేసిన గాంధీజీ సైతం 1924లో తన అభిప్రాయాన్ని వివరిస్తూ, సింగర్ కుట్టుమిషన్‌ను ఆ విమర్శ నుంచి ప్రత్యేకంగా మినహాయించారు. మనిషి శ్రమను తగ్గిస్తూనే మనిషి చేతిలో ఉండే పనిముట్టుగా ఆయన దానిని చూశారు.

ఈ యంత్రసూత్రం తెలిసినవారికి సగం మరమ్మతులు తెలిసినట్లే. గుడ్డ అడుగున దారం ఉండలుగా చుట్టుకుపోతే కొత్తవారు బాబిన్‌ను అనుమానిస్తారు కానీ, లోపం సాధారణంగా పైదారంలోనే ఉంటుంది: దారం బిగువును నియంత్రించే టెన్షన్ పళ్లేల మధ్య అది సరిగ్గా కూర్చోకపోవడం వల్ల పైనుంచి లాగే శక్తి తగ్గి, మిగిలిన దారమంతా కిందికి జారుతుంది. పైదారాన్ని పూర్తిగా తీసేసి, గుడ్డను అదిమిపట్టే మిషన్ పాదం మీటను పైకి ఎత్తి, మళ్లీ మొదటి నుంచి ఎక్కిస్తే చాలాసార్లు ఈ చిక్కు తీరిపోతుంది. కుట్లు మధ్యమధ్యలో తప్పిపోతుంటే చూడవలసింది సూదిని. సూదికి ఒక పక్క పొడవాటి గాడి, దానికి ఎదురుగా పిడి భాగంలో చదునైన వైపు ఉంటాయి. దారం ఏ వైపు నుంచి రంధ్రంలోకి వెళుతుందో ఆ వైపే గాడి ఉండాలి. సూదిని తిప్పి బిగిస్తే ఉచ్చు కొక్కేనికి అందదు, కుట్టు పడదు. పలుచని బట్టలకు 11 నంబరు, మామూలు నూలు బట్టలకు 14, మందమైన వాటికి 16 లేదా 18 నంబరు సూది వాడతారు. నూనె విషయంలో కుట్టుమిషన్ నూనె తప్ప మరేదీ పనికిరాదు. కొబ్బరినూనె కొద్దిరోజులకే జిగటగా గట్టిపడి, తిరిగే భాగాలను పట్టేస్తుంది.

కాగితం మీద తొలి పాఠం

కాలితో తొక్కే మిషన్‌లో మొదట నేర్చుకోవలసింది కాలి లయ. చేతిచక్రం ఎప్పుడూ కుట్టేవారి వైపుకే తిరగాలి. వెనక్కి తిరిగితే దారం తెగుతుంది, ఒక్కోసారి సూది విరుగుతుంది. అందుచేత మొదటి రెండు మూడు రోజులు దారం ఎక్కించకుండా, గుడ్డ పెట్టకుండా, మిషన్ పాదాన్ని పైకెత్తి ఉంచి, చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పి మొదలుపెట్టడం, అదే దిశలో తొక్కడం, కోరిన చోట ఆపడం మాత్రమే సాధన చేయాలి. మోటారు బిగించిన మిషన్ అయినా ఇదే సూత్రం వర్తిస్తుంది. అక్కడ వేగాన్ని అదుపులో ఉంచుకోవడమే అసలు పాఠం.

తర్వాతి మెట్టు గీతల నోటుపుస్తకంలోని కాగితం. దారం లేని సూదితో ఆ గీతల వెంట కుడుతూ పోతే, రంధ్రాలు గీత మీద పడ్డాయా పక్కకు జరిగాయా అన్నది కంటికి వెంటనే కనిపిస్తుంది. తిన్నని గీతల తర్వాత చతురస్రాలు, ఆ తర్వాత గుండ్రాలు గీసుకోవాలి. మూల వద్ద సూదిని కాగితంలో దించి ఉంచి, పాదం ఎత్తి, కాగితాన్ని తిప్పి, పాదం దించి మళ్లీ తొక్కడం అలవాటైతే రేపు మెడపట్టీ మూల తిప్పేటప్పుడు తడబాటు ఉండదు. ఇక్కడే మరొక సంగతి కూడా గుర్తించాలి. గుడ్డను ముందుకు నడిపించే పని పాదం కింద ఉన్న ఇనుప పళ్లది. చేతుల పని దిశ చూపడం మాత్రమే. వెనక నుంచి గుడ్డను లాగేవారి సూదులు తరచుగా విరగడానికి కారణం, ఆ లాగుడుకు సూది వంగి పలక మీద తగలడమే. కాగితం సాధన పూర్తయ్యాక ఆ సూదిని పక్కన పెట్టి కొత్తది బిగించుకోవాలి, ఎందుకంటే కాగితం సూది మొనను మొద్దుబారుస్తుంది.

గుడ్డ స్వభావం

మరమగ్గాల సిరిసిల్ల ఉన్న ఉత్తర తెలంగాణలో పడుగు, పేక అన్న మాటలను ఎవరికీ కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. అయితే కుట్టుపనిలో వాటి ప్రాధాన్యం వేరు. మగ్గం మీద బిగించి కట్టిన నిలువు దారం పడుగు. అడ్డంగా అల్లుకుపోయే దారం పేక. పడుగు దిశలో గుడ్డ దాదాపు సాగదు, పేక దిశలో కొద్దిగా సాగుతుంది, ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది. లంగా, జాకెట్, చొక్కా వంటి వాటి పొడవును పడుగు దిశలో పెట్టి కత్తిరించడం, మెడ గుండ్రానికి వేసే పట్టీని మాత్రం ఏటవాలుగా కత్తిరించడం ఈ స్వభావం వల్లనే. ఏటవాలు పట్టీని టైలర్లు క్రాస్ పట్టీ అంటారు; అది సాగుతుంది కనుకనే మెడ వంపు వెంట ముడతలు లేకుండా ఒదుగుతుంది. గుడ్డకు రెండు పక్కలా ఉండే గట్టి అంచు ఎటు నడుస్తుందో పడుగు కూడా అటే నడుస్తుంది కాబట్టి, కత్తెర పట్టే ముందు అంచును చూసుకుంటే చాలు.

నూలు గుడ్డ మొదటి తడికి కుంచించుకుపోతుంది. అందువల్ల కత్తిరించడానికి ముందే ఒకసారి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయడం తప్పనిసరి. ఈ ఒక్క పని వదిలేయడం వల్ల సరిగ్గా కుదిరిన బట్టలు కూడా ఒక్క ఉతుకుకే బిగుతైపోతుంటాయి. నేర్చుకునే దశలో జారిపోయే పాలిస్టర్, సిల్కు, షిఫాన్ల జోలికి పోకుండా పాప్లిన్ లేదా పాత నూలు దుప్పటి గుడ్డ తీసుకోవడం మేలు. గుడ్డ కత్తెరను కాగితానికి వాడకూడదన్నది ప్రతి దర్జీ తన శిష్యులకు చెప్పే తొలి హెచ్చరిక, ఎందుకంటే కాగితం దాని పదును తినేస్తుంది.

మొదటి వస్తువు: దిండు గలీబు

తిన్నని కుట్లు మాత్రమే ఉండి, ఒంటికి అతకవలసిన అవసరం లేని వస్తువు కనుక దిండు గలీబు మొదటి పాఠంగా ఎంతో అనువైనది. తయారయ్యాక 18 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ఉండాలనుకుంటే, వెడల్పుకు రెండు పక్కలా కుట్టుకు పట్టే అర అంగుళం చొప్పున కలిపి 19 అంగుళాలు తీసుకోవాలి. పొడవుకు ముందు భాగం 28, వెనక భాగం 28, దిండు బయటికి జారకుండా లోపలికి మడిచే రెక్క 6, రెండు చివరలా మడిచి కుట్టడానికి అంగుళం చొప్పున 2, మొత్తం 64 అంగుళాలు అవుతుంది. 44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డలో 19 అంగుళాల ముక్కలు పక్కపక్కన రెండు వస్తాయి కాబట్టి, మీటరూ 65 సెంటీమీటర్ల గుడ్డలో రెండు గలీబులు తయారవుతాయి. ఈ లెక్క కుదిరిందంటే కటింగ్ విద్యలో సగం అర్థమైనట్లే, ఎందుకంటే ఏ బట్టకైనా కావలసిన కొలత, కుట్టుకు పట్టేది, మడతకు పట్టేది అన్న మూడింటినీ కలపడమే అసలు పద్ధతి.

కుట్టేటప్పుడు ముందుగా రెండు చివరలనూ అర అంగుళం చొప్పున రెండుసార్లు మడిచి కుట్టాలి. తర్వాత గుడ్డ సీదా వైపు పైకి ఉండేలా పరిచి, ఒక చివరను 28 అంగుళాలు మడిచి, రెండో చివర మిగిలిన 6 అంగుళాల రెక్కను దాని మీదికి తిప్పాలి. ఇప్పుడు రెండు పక్కలనూ అర అంగుళం లోపలికి కుట్టి, ప్రతి కుట్టు మొదట్లోనూ చివరలోనూ నాలుగైదు కుట్లు వెనక్కి కుట్టి గట్టిచేసి, మొత్తాన్ని తిరగేస్తే రెక్క తనంతట తానే లోపలికి పోతుంది. కుట్టు గీత తిన్నగా వచ్చేవరకు ఇలాంటి గలీబులు, చేతిసంచులు కుట్టిన తర్వాత చీర కింది లంగాకు వెళ్లవచ్చు. ఆరు ముక్కల లంగాలో ఏటవాలు అంచులను జతచేయడం, నాడా గొట్టం కుట్టడం, అడుగు మడత వేయడం అనే మూడు కొత్త పనులు అలవడతాయి.

జాకెట్ ఎందుకు కష్టం

గుడ్డ సమతలంగా ఉంటుంది, శరీరం ఉండదు. ఈ తేడాను పూడ్చే ఏర్పాట్లే జాకెట్‌లోని కష్టమంతా. ఛాతీ దగ్గర గుడ్డను మడిచి కోణంలా కుట్టే డాట్లు, చంక వంపు, చేతి గుండ్రం ఒకదానితో ఒకటి లెక్క కుదరాలి. చంక వంపు చుట్టుకొలతకూ చేతి పైభాగం చుట్టుకొలతకూ పొంతన లేకపోతే ఎంత నైపుణ్యంగా కుట్టినా భుజం లాగుతుంది. టేపుతో తీసిన ఛాతీ చుట్టుకొలత 36 అంగుళాలైతే, గుడ్డ నాలుగు మడతల్లో ఉంటుంది కనుక దాని నాలుగో వంతు 9 అంగుళాలు, దానికి కుట్టుకూ తర్వాత వదులు చేసుకోవడానికీ కలిపి మరో అంగుళంన్నర పెడతారు. ఇళ్లలో సరిగ్గా సరిపోయిన పాత జాకెట్‌ను ఆదిగా ఇవ్వడం అనాదిగా ఉన్న అలవాటు. నేర్చుకునేవారికి ఆది జాకెట్ మంచి గురువు కూడా: పనికిరాని ఒక పాత జాకెట్ కుట్లు జాగ్రత్తగా విప్పి ముక్కలను పరిచి చూస్తే, ఒంటి మీద గుండ్రంగా కనిపించిన బట్ట పరిచినప్పుడు ఏ ఆకారంలో ఉంటుందో స్పష్టంగా తెలుస్తుంది. ఆ ఆకారాలను వార్తాపత్రిక కాగితం మీద గీసి, కత్తిరించి, సరిచూసుకున్నాకే గుడ్డ మీద టైలర్ చాక్ పెట్టాలి. లైనింగ్, పైపింగ్, ప్రిన్సెస్ కట్ వంటివి సాదా టూ బై టూ జాకెట్ ఒకటి సరిగ్గా కుదిరిన తర్వాతి మాట.

నేర్పేవారు, నిలబెట్టేవి

తెలంగాణలో ఈ విద్యకు మేర కులస్థులు తరతరాలుగా వారసులు. వారి దుకాణాల్లో కాజాలు తీస్తూ, హుక్కులు కుడుతూ ఏళ్ల తరబడి చూసి నేర్చుకోవడమే పాత పద్ధతి. ఇప్పుడు సింగరేణి సేవా సమితి శిక్షణలు, ఐటీఐలలోని కుట్టు కోర్సులు, బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల ఉచిత తరగతులు అదే జ్ఞానాన్ని తక్కువ కాలంలో అందించే ప్రయత్నం చేస్తున్నాయి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 చేతివృత్తుల్లో దర్జీ పనిని కూడా చేర్చింది. అర్హులకు శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల దాకా రుణం ఇస్తుంది. అయితే అది ఇప్పటికే ఆ వృత్తిలో ఉన్నవారికి ఉద్దేశించినది కాబట్టి, విద్య ముందు, పథకం తర్వాత. 2024లో తెలంగాణ ప్రభుత్వం బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పనిని మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించడం, తిన్నగా, ఒకే కొలతకు, గడువులోగా కుట్టగల చేతులకు బజారు ఉందని చూపింది.

యూనిఫాం పనిలోనైనా, ఇంటి ముందు ఫాల్, పీకో బోర్డు పెట్టుకున్న చిన్న దుకాణంలోనైనా, మొదటిసారి వచ్చినవారిని రెండోసారి రప్పించేది కుట్టు నాణ్యతే. కుట్టు ఊడకూడదు, కొలత తప్పకూడదు, చెప్పిన రోజుకు ఇవ్వాలి. ఈ మూడింటికీ పునాది మొదటి వారంలో కాగితం మీద చేసిన సాధనలో ఉంది. అందుచేత కొత్తగా మిషన్ ముందు కూర్చునేవారు ఎంత త్వరగా జాకెట్ కుట్టగలరన్నది కాక, గీత మీద నుంచి సూది పక్కకు జరగకుండా ఎంత దూరం కుట్టగలరన్నదే తమ ప్రగతికి కొలమానంగా పెట్టుకోవాలి.